మన కథ మనమే రాసుకోవాలి



దసరా సెలవుల నుంచి వచ్చిన దగ్గర్నుంచి మన హాస్టల్లో ఒకటే వాదన. "గంగవ్వ ఏం చదివింది? అయినా అంత పేరు తెచ్చుకుంది, ఇల్లు కట్టుకుంది. మనం కూడా వీడియోలు తీద్దాం, ఈ లెక్కలూ సైన్సూ ఎందుకు?" అని కొందరు అంటున్నారు. "వీడియోల్లో కనబడే ఆడపిల్లలు చెడిపోతారు, మనకెందుకు ఆ గొడవ" అని ఇంకొందరు అంటున్నారు. నాకు ఈ రెండు మాటలూ సరైనవి అనిపించలేదు. నా అభిప్రాయం ఏమిటో ఈ గోడపత్రికలో రాస్తున్నాను. అందరూ చదవాలని కోరుతున్నాను. నచ్చనివాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయండి.

ముందుగా గంగవ్వ సంగతి సరిగ్గా తెలుసుకుందాం. ఎందుకంటే ఆమె పేరు చెప్పేవాళ్ళు చాలామంది సగమే చెబుతున్నారు.

గంగవ్వది తెలంగాణలో జగిత్యాల జిల్లా, మల్యాల మండలం, లంబాడిపల్లి. ఆమె పొలం కూలికి వెళ్ళింది, బీడీలు చుట్టింది, కష్టపడి పిల్లల్ని పెంచింది. చదువుకోలేదు. శ్రీరామ్ శ్రీకాంత్ అనే ఆయన 2012లో ఆ ఊళ్ళోనే 'మై విలేజ్ షో' అని యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. పల్లెటూళ్ళో రోజూ జరిగే సంగతులే వాళ్ళ వీడియోలు. పండగలు, పెళ్ళిళ్ళు, వ్యవసాయం, ఇరుగుపొరుగు తగాదాలు, అన్నీ. అందులో వేషాలు వేసినవాళ్ళు కూడా ఊరివాళ్ళే. గంగవ్వ మొదట చిన్న చిన్న వేషాలు వేసింది. కాగితం మీద రాసిన మాట చదవలేదు కాబట్టి, విషయం చెబితే తన సొంత మాటల్లో అనేది. ఆ మాటలే జనానికి బాగా నచ్చాయి.

2019లో ఆమె 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు వెళ్ళింది. ఒంట్లో బాగాలేక మధ్యలోనే బయటికి వచ్చేసింది. ఆ తర్వాత నాగార్జున గారి సాయంతో ఊళ్ళో సొంత ఇల్లు కట్టుకుంది. ఇంతవరకు మనందరికీ తెలుసు.

తెలియని సగం ఇప్పుడు చెబుతాను. ఛానల్ పెట్టింది 2012లో. గంగవ్వ సినిమాల్లోకి వచ్చింది 2019లో. మధ్యలో 7 ఏళ్ళు ఉన్నాయి. అన్ని ఏళ్ళు ఒకళ్ళు రాశారు, ఒకళ్ళు కెమెరా పట్టుకున్నారు, ఒకళ్ళు కూర్చుని ముక్కలు ముక్కలుగా ఉన్న వీడియోని అతికించారు. గంగవ్వ ముఖం మనకు కనిపించింది. వెనకాల ఉన్న చేతులు కనిపించలేదు. ఆ చేతులు చదువుకున్న చేతులు. వాళ్ళు లేకపోతే గంగవ్వ ఎంత తెలివిగా మాట్లాడినా ఆ మాట లంబాడిపల్లి దాటేది కాదు. గంగవ్వ లేకపోతే వాళ్ళ కెమెరాకూ పని లేదు. కాబట్టి "గంగవ్వ చదవకుండా గొప్పదయింది, చదువు అక్కర్లేదు" అనే మాట తప్పు. మన పెద్దవాళ్ళకు ఉన్న తెలివీ, మనకు వస్తున్న చదువూ ఒక చోట కలిస్తే ఏమవుతుందో లంబాడిపల్లి చూపించింది. అక్కడ మనం నేర్చుకోవలసింది ఇదే అని నా అభిప్రాయం.

అదే 'మై విలేజ్ షో'లో వేషాలు వేసిన ఇంకొకాయన అనిల్ గీల. ఆయన ఊరి కుర్రాడిగా కామెడీ చేస్తూ పేరు తెచ్చుకున్నాడు. తర్వాత సొంతంగా ఇంకో ఛానల్ కూడా నడిపాడు. 2025 ఆగస్టు 8న 'మోతెవరి లవ్ స్టోరీ' అనే వెబ్ సిరీస్ జీ5లో వచ్చింది. అందులో హీరో అనిల్. దర్శకుడు శివకృష్ణ బుర్ర. మధుర శ్రీధర్ గారితో కలిసి మై విలేజ్ షో వాళ్ళే దాన్ని తీశారు. మొత్తం 7 భాగాలు. మోతెవరి అంటే ఆ వైపు భాషలో ఊళ్ళో పలుకుబడి ఉన్న పెద్ద ఆసామి. అంటే ఐదారు నిమిషాల వీడియోలు తీసుకునే ఊరివాళ్ళు 13 ఏళ్ళకు ఒక పెద్ద కథ చెప్పే స్థాయికి వచ్చారన్నమాట.

"ఇందులో గొప్పేముంది? చిన్న వీడియో బదులు పెద్ద వీడియో తీశారు" అని మీరు అనుకోవచ్చు. కానీ రెండిటికీ చాలా తేడా ఉంది. చిన్న వీడియోలో ఒక నవ్వు వస్తే చాలు. సిరీస్‌లో మనుషులు మొదటి భాగం నుంచి చివరి భాగం దాకా ఉండాలి. వాళ్ళకు ఒక కోరిక ఉండాలి, ఒక కష్టం ఉండాలి. ఒక్కో భాగం అయిపోయేసరికి "తర్వాత ఏమైంది?" అని అడగాలనిపించాలి. అదంతా ముందే కాగితం మీద రాసుకోవాలి. రాసింది చూపించి, డబ్బు పెట్టేవాళ్ళను ఒప్పించాలి. మా అమ్మమ్మ గంప అల్లేటప్పుడు ముందు అడుగు వేస్తుంది, తర్వాత నిలువు బద్దలు లేపుతుంది, ఆ తర్వాతే చుట్టూ అల్లుతుంది. అడుగు సరిగ్గా లేకపోతే ఎంత అందంగా అల్లినా కాయలు నిలవవు. సిరీస్‌కు అడుగు అంటే రాత.

ఇంకో సంగతి కూడా ఉంది. పాత సినిమాల్లో తెలంగాణ యాస ఎవరికి పెట్టేవాళ్ళో గమనించారా? ఎక్కువగా రౌడీకి, పనివాడికి, నవ్వించేవాడికి. హీరో మాత్రం పుస్తకం భాషో, మన కోస్తా భాషో మాట్లాడేవాడు. ఆ యాస వినగానే జనం నవ్వాలి అన్నట్టు ఉండేది. లంబాడిపల్లి వాళ్ళు ఆ యాసలోనే ప్రేమించారు, ఏడ్చారు, కోప్పడ్డారు, పొలం గురించి మాట్లాడారు. యాస మారలేదు. కథ చెప్పేవాళ్ళు మారారు. అందుకే అది వెక్కిరింత కాకుండా పోయింది.

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో ఇస్సా రే అనే నల్లజాతి అమ్మాయి ఉంది. టీవీలో తనలాంటి అమ్మాయిలు, అంటే నలుగురిలో తడబడే మామూలు నల్లజాతి అమ్మాయిలు కనబడటం లేదని 2011లో తనే రాసి, తనే నటించి యూట్యూబ్‌లో ఒక సిరీస్ పెట్టింది. మధ్యలో డబ్బు చాలకపోతే చూసేవాళ్ళే చందాలు వేశారు. 2016లో ఒక పెద్ద టీవీ సంస్థ ఆమెతో 'ఇన్‌సెక్యూర్' అనే సిరీస్ తీయించింది. అది 2021 వరకు నడిచింది. ఎవరో వచ్చి తన కథ చెబుతారని ఆమె ఎదురుచూస్తూ కూర్చోలేదు.

మన తెలుగులో ఈ దారిలో ముందు నడిచినవాళ్ళలో నిహారిక కొణిదెల ఒకరు. 2016లో 'ముద్దపప్పు ఆవకాయ' అనే సిరీస్‌ను సొంత సంస్థ మీద తీసి, తనే నటించింది. పేరు వినగానే మన మామిడి ఊళ్ళవాళ్ళకు నోరూరుతుంది. తర్వాత ఆమె సినిమాలు కూడా నిర్మించింది. అయితే ఆమెది సినిమా కుటుంబం. ఇంట్లోనే నేర్పేవాళ్ళు ఉన్నారు. ఆమె కష్టపడలేదని నేను అనటం లేదు. మనకు ఆ మెట్టు లేదు కాబట్టి మనకు దగ్గరి ఉదాహరణ లంబాడిపల్లే అంటున్నాను.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

మేము ఎరుకల వాళ్ళం. సినిమాల్లో మమ్మల్ని ఎలా చూపిస్తారు? ఒకటి, సోది చెప్పే ఎరుకలసాని. నుదుట పెద్ద బొట్టు, చేతిలో కర్ర, నోట్లో వంకర మాట. రెండు, దొంగ. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరుతో 1991లోనే సినిమా వచ్చింది. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. ఆ సినిమా టీజర్‌లో మా వాళ్ళను, ఆ ఊరిని అవమానించారని మన రాష్ట్ర హైకోర్టు దాకా వెళ్ళారు. దొంగ అన్న ముద్ర ఎక్కడి నుంచి వచ్చింది? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం అని ఒకటి తెచ్చారు. పుట్టిన బిడ్డ ఏ తప్పూ చేయకముందే ఆ తెగలో పుట్టినందుకే నేరస్థుల కింద లెక్క. తర్వాత మా వాళ్ళను కూడా ఆ జాబితాలో పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం పోయింది. చట్టం పోయి 70 ఏళ్ళు దాటింది గానీ సినిమాల్లోంచి పోలేదు.

అదే స్టూవర్టుపురంలో మహాకవి గుర్రం జాషువా గారి కూతురు హేమలతా లవణం గారు ఎంతో పని చేశారు. జనం దొంగతనం ముద్ర నుంచి బయటపడాలని అక్కడే తిరిగారు. అక్కడి పిల్లలు చదువుకున్నారు. ఇది కథ కాదా? ఇందులో కష్టం లేదా, ఏడుపు లేదా, గెలుపు లేదా? ఉన్నాయి. కానీ తుపాకీ శబ్దం వచ్చేదే కథ అని బయటివాళ్ళు అనుకుంటారు.

మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా అమ్మమ్మ గంపలు అల్లుతుంది. ఒకప్పుడు మామిడికాయల కాలం వచ్చిందంటే మా వాళ్ళకు తీరిక ఉండేది కాదట. తోటల్లో బంగినపల్లి కోసినా, రసాలు కోసినా గంపల్లోనే ఎత్తేవాళ్ళు. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్ ట్రేలే. నున్న మార్కెట్‌కు లారీలో వెళ్ళేవి అవే. అయినా అమ్మమ్మ పెళ్ళిళ్ళకని, కోళ్ళు మూయటానికని అల్లుతూనే ఉంది. పోయిన వేసవిలో ఒకాయన ఫోను పట్టుకుని వచ్చి వీడియో తీస్తానన్నాడు. అమ్మమ్మ సంతోషపడి మంచి బద్దలు తీసి కూర్చుంది. ఆయన గంప వైపు చూడలేదు. "సోది చెప్పు పెద్దమ్మా" అన్నాడు. "నాకు సోది రాదయ్యా, గంప వచ్చు" అంది. "ఊరికే ఏదో ఒకటి అను" అని వదల్లేదు. పెద్దమనిషి అడుగుతున్నాడని ఆమె సిగ్గుపడుతూ ఏదో అంది. తర్వాత మా బాబాయి ఫోనులో ఆ వీడియో చూశాం. కింద నవ్వే బొమ్మలు పెట్టారు, వెనకాల కామెడీ పాట పెట్టారు. అమ్మమ్మకు చూపు తక్కువ. దగ్గరగా పెట్టుకుని చూసి, "గంప కనబడలేదేమే?" అని అడిగింది. నిజమే, గంప ఎక్కడా లేదు. వేలమంది అమ్మమ్మను చూశారు. ఆమెకు వచ్చిన పని ఒక్కరూ చూడలేదు.

అందుకే నేను అంటున్నాను. వీడియోలో కనిపించటం ఒకటి, వీడియో మనది కావటం ఇంకొకటి. కనిపించటానికి ముఖం చాలు. మనది కావాలంటే ఏది ఉంచాలో ఏది తీసేయాలో మన చేతిలో ఉండాలి. వేషాలు వేసేవాళ్ళు సిరీస్ తీసేవాళ్ళుగా ఎదిగారంటే నాకు సంతోషం ఎందుకంటే, వాళ్ళకు ఆ అధికారం వచ్చింది. మన దగ్గరికి ధింసా చూడటానికి, ఫొటోలు తీసుకోవటానికి చాలామంది వస్తారు. సుగాలి వాళ్ళ అద్దాల బట్టలు, కోయ వాళ్ళ కొమ్ముల నాట్యం అందరికీ కావాలి. ఆ బట్టలు కుట్టిన అమ్మ కళ్ళు ఎందుకు పోయాయి, నాట్యం చేసిన మామయ్యకు పోడు పట్టా వచ్చిందా లేదా, ఇవి ఎవరికీ అక్కర్లేదు. ఇవి మనమే రాయాలి.

ఒడిశాలో సంబల్‌పూర్ జిల్లాలో ఐజాక్ ముండా అనే ఆదివాసీ అన్న ఉన్నాడు. రోజుకూలీ. 2020 లాక్‌డౌన్‌లో పని లేక, అప్పు చేసి ఫోను కొని, తాను అన్నం తినే వీడియో పెట్టాడు. లక్షలమంది చూశారు. 2021లో ప్రధాని రేడియోలో కూడా ఆయన గురించి చెప్పారు. అంత మామూలు సంగతి కూడా జనం చూస్తారు. మన అన్నం, మన ఇల్లు సిగ్గుపడేవి కావని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

అయితే "రేపే మొదలుపెడదాం, డబ్బులు వచ్చేస్తాయి" అనుకునే అక్కలకు కొన్ని లెక్కలు చెప్పాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే ఛానల్‌కు 1000 మంది చందాదారులు ఉండాలి. పెద్ద వీడియోలైతే ఒక సంవత్సరంలో జనం వాటిని మొత్తం 4000 గంటలు చూసి ఉండాలి. మనకు 18 ఏళ్ళు నిండేదాకా ఆ డబ్బు ఖాతా మన పేరు మీద ఇవ్వరు. ఇంకొకటి, 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. దాని మీదే ఆధారపడ్డవాళ్ళకు అంతకుముందు రోజు వరకు లక్షలమంది ఉన్నారు, మర్నాడు ఎవరూ లేరు. రాయటం వచ్చినవాళ్ళు, ఎడిటింగ్ వచ్చినవాళ్ళు ఇంకో చోటికి వెళ్ళి బతికారు. ఒట్టి డాన్సు మీద ఆధారపడ్డవాళ్ళకు కష్టమైంది. చేతిలో విద్య ఉంటే ఏ సంతలోనైనా అమ్ముకోవచ్చు అని మా తాత అనేవాడు. ఇంకా, మనం తెలియనివాళ్ళకు ఫోన్ నంబరు, ఫొటో, ఊరి పేరు ఇవ్వకూడదు. ఇది భయపెట్టటానికి చెప్పటం లేదు. జాగ్రత్తకు చెబుతున్నాను.

"ఆడపిల్లలకు అదేం పని" అనేవాళ్ళకు కూడా ఒక మాట. గంగవ్వ ఆడది కాదా? చీర కట్టుకుని, ఊరి మాట మాట్లాడి, మర్యాదగానే పేరు తెచ్చుకుంది. వైష్ణవి చైతన్య యూట్యూబ్ షార్ట్ ఫిలింలు, సిరీస్‌లు చేసి, 2023లో 'బేబీ' సినిమాలో హీరోయిన్ అయింది. చెడిపోవటం కెమెరాలో లేదు. ఎవరు తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆడపిల్లలే తీస్తే ఆడపిల్లల్ని చూపించే తీరు కూడా మారుతుంది.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మనలో చాలామంది అంతే. మా అమ్మకు కథలు వచ్చు, రాయటం రాదు. నాకు రాయటం వచ్చు, కథలన్నీ రావు. మా ఎరుకల భాషకు లిపి లేదు. కానీ తెలుగు అక్షరాలతో రాసుకోవచ్చు, నేను రాసి చూశాను, వస్తుంది. సుగాలి, కోయ చెల్లెళ్ళు కూడా వాళ్ళ మాటలు అలాగే రాయవచ్చు. మన తర్వాతి పిల్లలకు అమ్మమ్మలు ఉంటారో ఉండరో. చదువూ, ఆ కథలూ రెండూ అందే వయసు మనకు ఇప్పుడే ఉంది. దీన్ని పోగొట్టుకోకూడదు.

అందుకని హెడ్ మాస్టరు గారికి, టీచర్లకు నేను మూడు విషయాలు మనవి చేస్తున్నాను.

ఒకటి. ఈ గోడపత్రికలో ప్రతి సంచికకు ఒక భాగం చొప్పున ఒక కథ వేయాలి. ఒక్కో భాగం ఒక్కో తరగతి రాయాలి. మన దగ్గర ఫోను లేదు గానీ గోడ ఉంది, చార్టు ఉంది, స్కెచ్ పెన్నులు ఉన్నాయి. సిరీస్ రాయటం దీని మీదే నేర్చుకోవచ్చు.

రెండు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ప్రతి ఒక్కరూ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక్క కథ, లేక ఒక్క పని ఎలా చేస్తారో రాసుకుని రావాలి. గంప, వల, తేనె, పందిరి, ఏదైనా సరే.

మూడు. వార్షికోత్సవం రోజున బడి ట్యాబ్ ఒక్కటి మాకు ఇప్పించి, మేము రాసిన దాన్ని మేమే తీసేలా చూడాలి. టీచర్లు పక్కన ఉండండి, ఎడిటింగ్ నేర్పించండి. కానీ ఏది చూపించాలో మమ్మల్ని నిర్ణయించుకోనివ్వండి.

కథ మొదటి భాగం రాయటానికి మా తరగతి సిద్ధంగా ఉంది. గంపల మీద రాస్తాం. ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు రెండో భాగం ఒప్పుకుంటే శనివారం లోపల మా గదికి వచ్చి చెప్పండి. పేర్లు రాసుకుంటాం.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని
జి. కొండూరు